ఆర్డర్లు నిండుగా ఉన్న కంపెనీ ఎలా మూతపడుతుంది? ఎక్స్‌పెడిషన్ క్యాంపర్ల పరిశ్రమ లెక్క

రాష్ట్రంలో క్యారవాన్ టూరిజం మాట మొదలైనప్పటి నుంచి విజయనగరం, సాలూరు వైపు ఒక ప్రశ్న తరచూ వినిపిస్తోంది. లారీ బాడీలు కట్టడంలో తరాల అనుభవం ఉన్న మేస్త్రులు మన దగ్గరే ఉన్నారు కదా, మంచం, వంటగది, బాత్రూమ్ ఉన్న బండిని మనమే ఎందుకు కట్టకూడదు అని. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలేమో ఫోన్‌లో ఇంకో సంగతి చెబుతున్నారు. అక్కడ ఎక్స్‌పెడిషన్ క్యాంపర్లు, అంటే ఎడారిలోనైనా మంచులోనైనా తిరగగలిగే ఇలాంటి బండ్లు కట్టే కంపెనీల్లో కొన్ని మూతపడ్డాయట, లక్షల డాలర్ల బండికి అడ్వాన్సు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు ఉన్నారట. మూడు నాలుగేళ్ల క్రితం వరకు రెండేళ్లు ఆగితే గానీ బండి రాదన్నంత గిరాకీ ఉన్న వ్యాపారం అది.

గిరాకీ లేక దుకాణం మూసేయడం ఎవరికైనా అర్థమవుతుంది. ఆర్డర్ల పుస్తకం నిండా పేర్లున్న కంపెనీ మూతపడటమే అర్థం కానిది. దాన్ని విప్పి చూడాలంటే ముందు బండి గురించి, తర్వాత దాని డబ్బు గురించి మాట్లాడుకోవాలి.

ఏ బండిని ఏమంటారు

క్యారవాన్ అనగానే మనకు షూటింగ్ దగ్గర హీరోలు కూర్చునే బండి గుర్తొస్తుంది. అమెరికాలో ఇంటి వసతులున్న బండ్లన్నిటినీ కలిపి ఆర్‌వీ అంటారు. అందులో రెండు పెద్ద రకాలు. ఇంజిన్ లేకుండా కారు వెనకో పికప్ వెనకో తగిలించి లాక్కెళ్లేవి ఒకటి, సొంత ఇంజిన్ ఉన్న మోటర్‌హోమ్‌లు ఇంకొకటి. అమ్ముడుపోయేవాటిలో పదింట ఎనిమిదికి పైగా లాక్కెళ్లే రకమే. మన ఫోర్స్ ట్రావెలర్ సైజు వ్యాన్‌లో మంచం, పొయ్యి అమర్చితే అది క్యాంపర్ వ్యాన్.

ఎక్స్‌పెడిషన్ క్యాంపర్ ఈ కుటుంబంలో చివరి అంచున ఉంటుంది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే లారీ చాసిస్ మీద, ఎడారిలోనైనా మంచులోనైనా వారాల పాటు బయటి సాయం లేకుండా బతకగలిగే గదిని కడతారు. వందల లీటర్ల నీళ్ల ట్యాంకు, సోలార్ పలకలు, లిథియం బ్యాటరీలు, డీజిల్‌తో నడిచే హీటరు ఉంటాయి. జర్మనీలో యూనిక్యాట్, ఆస్ట్రియాలో యాక్షన్ మొబిల్ ఈ పనిలో పాత పేర్లు. ఇవి మాన్, మెర్సిడెస్ లారీల మీద కడతాయి. అమెరికాలో 1998లో మొదలైన ఎర్త్‌రోమర్ ఫోర్డ్ ఎఫ్-550 మీద కడుతుంది. దాని బండి ధర 6 లక్షల డాలర్లు దాటుతుంది, అంటే మన లెక్కలో 5 కోట్ల పైమాటే.

మామూలు ఆర్‌వీలు ఏటా లక్షల్లో తయారవుతాయి. ఎక్స్‌పెడిషన్ బండ్లు కట్టే కంపెనీ ఏడాదికి పది కట్టొచ్చు, పాతిక కట్టొచ్చు. బాగా పెద్దదైతే ఇంకొన్ని. ఏ రెండు బండ్లూ ఒకేలా ఉండవు. ఒకాయనకు మంచం అడ్డంగా కావాలి, ఇంకొకావిడకు కుక్కకు చోటు కావాలి. పరిశ్రమ అంటున్నాం గానీ, దగ్గరికెళ్లి చూస్తే ఇది చేతిపని.

చాసిస్ మెలితిరిగితే గది ఏమవుతుంది

చేతిపని అని ఎందుకన్నానో ఒక్క భాగం చూస్తే తెలుస్తుంది. లారీ చాసిస్ అంటే రెండు పొడవాటి ఉక్కు దూలాలు, మధ్యలో అడ్డకమ్ములు. ముందు ఎడమ చక్రం గట్టెక్కి, వెనక ఎడమ చక్రం గోతిలో దిగితే ఆ దూలాలు తడిగుడ్డ పిండినట్టు మెలితిరుగుతాయి. అలా తిరగడానికే వాటిని చేశారు. తిరక్కపోతే చక్రం గాల్లోకి లేస్తుంది, పట్టు పోతుంది.

సాలూరు షెడ్డులో కట్టిన చెక్క బాడీకి దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. పలకలు, బోల్టులు, కోణాల పట్టీలు చాసిస్‌తో పాటు కొంచెం కొంచెం సర్దుకుంటాయి. కిర్రుమంటుంది, అంతే. మనిషి ఉండే గది అలా సర్దుకోలేదు. దాని గోడలు రెండు ఫైబర్ పలకల మధ్య నురుగు నింపి అతికించినవి. చలీ వేడీ లోపలికి రాకుండా అరచేతి వెడల్పుకు కొంచెం తక్కువ మందంలో, ఒక్క ముక్కలా గట్టిగా ఉంటాయి. ఆ పెట్టెను చాసిస్‌కు నేరుగా బిగిస్తే మొదటి పెద్ద గోతికే మూలలు చిట్లుతాయి, కిటికీల రబ్బరు ఊడుతుంది, లోపల నీళ్ల పైపులు లీకవుతాయి.

అందుకని చాసిస్‌కూ గదికీ మధ్య ఇంకో ఫ్రేము వేస్తారు. దాన్ని మూడు లేదా నాలుగు చోట్ల మాత్రమే, కీలు మీద తిరిగేలా పట్టి ఉంచుతారు. కొందరు కీళ్లకు బదులు బలమైన స్ప్రింగులు వాడతారు. కింద దూలాలు ఎంత మెలితిరిగినా పై గది నిటారుగా ఉంటుంది. ఈ మధ్య ఫ్రేము లెక్క ప్రతి చాసిస్ మోడల్‌కూ మారుతుంది. చక్రాల మధ్య దూరం మారినా, వెనక బరువు మారినా మళ్లీ గీయాలి, మళ్లీ వెల్డింగ్ చేయాలి, మళ్లీ పరీక్షించాలి.

డబ్బు కథ ఇక్కడే మొదలవుతుంది. లారీ కంపెనీ ఒక మోడల్ ఆపేస్తే ఈ చిన్న కంపెనీకి ఏళ్ల పని వృథా. అమెరికాలోని ఎర్త్‌క్రూజర్‌కు ఆ దెబ్బ తగిలింది. ఆరెగాన్ రాష్ట్రంలో బెండ్ అనే ఊళ్లో ఉండే ఆ కంపెనీ మిత్సుబిషి ఫ్యూసో చిన్న లారీల మీద పేరు తెచ్చుకుంది. 2020లో ఫ్యూసో ఉత్తర అమెరికాలో కొత్త లారీల అమ్మకం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఎర్త్‌క్రూజర్ ఇసుజు లారీల వైపు మళ్లాల్సి వచ్చింది. 2024లో ఆ కంపెనీ మూతపడింది. ఫ్యూసో వెళ్లిపోవడమే మూతకు కారణమని అనడం లేదు. అంత పెద్ద మార్పు చేతిలో లేని డబ్బును ఎంత తినేస్తుందో చెబుతున్నాను.

కోవిడ్ కాలంలో ఎక్కడి నుంచి వచ్చింది ఇంత గిరాకీ

2020 వేసవిలో విమానాలు ఆగాయి, హోటళ్లు మూతపడ్డాయి. ఇంటి నుంచి పని అలవాటైంది. సెలవు కావాలి, ఎవరినీ తాకకూడదు అనుకున్న అమెరికన్ కుటుంబాలకు ఆర్‌వీ ఒక్కటే దారిగా కనిపించింది. దీనికి తోడు అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీని దాదాపు సున్నాకు దించింది. షేర్లు పెరిగాయి, ఇళ్ల ధరలు పెరిగాయి. ఐదారు లక్షల డాలర్ల బండి గురించి ఎన్నడూ ఆలోచించని వాళ్లు కూడా ఆలోచించారు.

అమెరికా ఆర్‌వీ తయారీదారుల సంఘం లెక్కల్లో ఆ వేడి కనిపిస్తుంది. 2019లో ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చినవి దాదాపు 4 లక్షల 6 వేలు. 2021లో 6 లక్షలు దాటాయి. ఆ పరిశ్రమ చరిత్రలో అదే రికార్డు. జర్మనీలోనూ కొత్త మోటర్‌హోమ్‌ల రిజిస్ట్రేషన్లు 2020లో 78 వేల దాకా వెళ్లాయి.

సరుకు మాత్రం దొరకలేదు. చిప్‌ల కొరతతో లారీ కంపెనీలు చాసిస్‌లు ఇవ్వలేకపోయాయి. యూరప్‌లో చాలా మోటర్‌హోమ్‌లకు ఆధారమైన ఫియట్ డుకాటో చాసిస్ కోసం ఫ్యాక్టరీలు నెలల తరబడి ఆగాయి. ఉక్కు, అల్యూమినియం, ప్లైవుడ్ ధరలు ఎగబాకాయి. అడిగేవాళ్లు ఎక్కువ, బండ్లు తక్కువ. క్యూ పొడుగు పెరిగింది. పొడుగు పెరిగే కొద్దీ క్యూలో చోటు కోసం ఇంకొంతమంది పరుగెత్తారు. పెట్టుబడిదారుల చూపూ ఇటు పడింది. వ్యాన్‌లు కట్టే స్టోరీటెల్లర్ ఓవర్‌ల్యాండ్ 2022లో గ్లోబల్ ఎక్స్‌పెడిషన్ వెహికల్స్ అనే పాత కంపెనీని కొనుక్కుంది.

వడ్డీ పెరిగాక

2022 మార్చి నుంచి 2023 జులై లోపు అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు సున్నా దగ్గర నుంచి 5.25–5.50 శాతానికి చేరింది. అక్కడ ఆర్‌వీలకు 15, 20 ఏళ్ల అప్పులు ఇస్తారు కాబట్టి దీని దెబ్బ గట్టిగానే తగులుతుంది. మన రూపాయల్లో చూద్దాం. కోటి రూపాయలు 15 ఏళ్లకు 4.5 శాతం వడ్డీతో తీసుకుంటే నెలకు ఈఎంఐ 76,500 వరకు ఉంటుంది. అదే అప్పు 8.5 శాతానికి తీసుకుంటే 98,500 దాకా. బండి అదే, నెలకు 22 వేలు అదనం. అవసరానికి కొనే లారీ అయితే ఎలాగో సర్దుకుంటారు. సరదాకు కొనేదాన్ని వాయిదా వేస్తారు.

2023లో ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ఆర్‌వీలు 3 లక్షల 13 వేలు. రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది.

ఈ అంకెను ఎలా చదవాలన్న దగ్గర అభిప్రాయాలు వేరవుతాయి. ఇది పతనం అనేవాళ్లు 2021తో పోలుస్తారు. ఇది మామూలు స్థితికి రావడమే అనేవాళ్లు ఇంకో విషయం గుర్తుచేస్తారు. ఈ లెక్కలు ఫ్యాక్టరీ నుంచి డీలరుకు వెళ్లినవి, జనం కొన్నవి కావు. 2021లో డీలర్ల యార్డులు ఖాళీగా ఉన్నాయి. వాటిని నింపడానికి వెళ్లిన బండ్లూ ఆ ఆరు లక్షల్లో ఉన్నాయి. 2023లో యార్డులు నిండిపోయాయి. ఉన్నవి అమ్ముకునే దాకా డీలర్లు కొత్తవి తీసుకోలేదు. పైకి వెళ్లినప్పుడు అసలు గిరాకీ కంటే ఎక్కువ కనిపించింది, కిందికి వచ్చినప్పుడు అసలు గిరాకీ కంటే తక్కువ కనిపించింది. ఈ వాదనలో బలం ఉందనే నా అభిప్రాయం. అయినా 2019తో పోల్చినా నాలుగో వంతు దాకా తగ్గిందన్నది మిగిలే ఉంటుంది.

ఈ పరిశ్రమకు ఇలా పడటం కొత్త కాదు. 2006లో 3 లక్షల 90 వేలున్నది 2009లో లక్షా 65 వేలకు దిగింది. ఫ్లీట్‌వుడ్, మొనాకో కోచ్ లాంటి పెద్ద కంపెనీలు 2009 మార్చిలో దివాలా కోర్టుకు వెళ్లాయి. ఇండియానా రాష్ట్రంలో ఆర్‌వీల తయారీకి కేంద్రమైన ఎల్క్‌హార్ట్ ప్రాంతంలో ఆ ఏడాది నిరుద్యోగం 18 శాతం దాటింది. అధ్యక్షుడయిన నెల లోపే ఒబామా అక్కడికి వెళ్లారు. నెల్లిమర్ల జూట్ మిల్లు లాకౌట్లు చూసిన మనకు, ఒకే పని మీద బతికే ఊరికి గేటు మూసిన రోజు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

పెద్ద కంపెనీలు చాలావరకు ఈ దెబ్బలు తట్టుకుంటాయి. మనుషుల్ని తీసేస్తాయి, లైన్లు ఆపుతాయి, మళ్లీ మొదలుపెడతాయి. ఎక్స్‌పెడిషన్ బండ్లు కట్టే చిన్న కంపెనీల సంగతి వేరు. వాటికి డీలర్లు ఉండరు, యార్డులో నిలవ ఉండదు. ఉండేది క్యూ ఒక్కటే.

ఒక ఊహాజనిత కంపెనీ లెక్క

ఇక్కడి నుంచి కాగితం మీద అంకెలు వేసుకుంటే సులువు. ఇది ఏ నిజమైన కంపెనీ లెక్కా కాదు, అర్థం కావడానికి వేసింది.

ఒక బండి అమ్మకం ధర 2 కోట్లు. ఆర్డరు తీసుకున్న రోజు అంచనా ఇలా ఉంది: చాసిస్ 60 లక్షలు, గది సామాను 70 లక్షలు, మేస్త్రులు, టెక్నీషియన్ల జీతాలు 30 లక్షలు, షెడ్డు అద్దె, ఆఫీసు ఖర్చు 20 లక్షలు. మొత్తం కోటీ 80 లక్షలు. మిగులు 20 లక్షలు. అడ్వాన్సు 30 శాతం, అంటే 60 లక్షలు. మిగతా కోటీ 40 లక్షలు బండి ఇచ్చేటప్పుడు తీసుకుంటారు. కంపెనీ ఏడాదికి 10 బండ్లు కట్టగలదు.

మంచి ఏడాది వచ్చింది. 40 ఆర్డర్లు పడ్డాయి. ఒక్కసారిగా బ్యాంకులో 24 కోట్లు. కంపెనీ పెట్టిన ఇన్నేళ్లలో అంత డబ్బు ఎప్పుడూ చూడలేదు. క్యూ తగ్గించాలన్న మంచి ఉద్దేశంతోనే యజమాని 8 కోట్లు పెట్టి పెద్ద షెడ్డు, కొత్త యంత్రాలు తెచ్చాడు. మిగిలింది 16 కోట్లు. చాసిస్‌లు సమయానికి రాకపోవడంతో ఏడాదికి పది బండ్లే బయటికొస్తున్నాయి.

ఈలోగా సామాను ధర 25 శాతం పెరిగింది, అంటే 17 లక్షల 50 వేలు. చాసిస్ 10 శాతం పెరిగింది, అంటే 6 లక్షలు. బండి ఖర్చు 2 కోట్ల 3 లక్షల 50 వేలకు చేరింది. అమ్మకం ధర మాత్రం రెండేళ్ల క్రితం సంతకం పెట్టిన 2 కోట్లే. 20 లక్షల మిగులు కాస్తా మూడున్నర లక్షల నష్టమైంది.

ఇప్పుడు బండి పూర్తి చేయడానికి 2 కోట్ల 3 లక్షల 50 వేలు కావాలి, డెలివరీ రోజు వచ్చేది కోటీ 40 లక్షలు. ప్రతి బండికీ బ్యాంకులోంచి 63 లక్షల 50 వేలు తీయాలి. 16 కోట్లు 25 బండ్ల దాకా వస్తాయి. ఇరవయ్యారో బండి దగ్గర గల్లాపెట్టె ఖాళీ. 25 మంది సంతోషంగా తాళాలు తీసుకెళ్లారు. 15 మంది 60 లక్షల చొప్పున 9 కోట్లు కట్టి, సగం గీసిన డిజైను కాగితాలతో మిగిలారు. ఆ 9 కోట్లు ఎవరూ దోచుకోలేదు. 8 కోట్లు షెడ్డు గోడల్లో, యంత్రాల్లో ఉన్నాయి. మిగతాది దాదాపు అంతా ఇచ్చిన 25 బండ్ల నష్టంలో కరిగిపోయింది.

ఇక్కడే ఇంకో మెట్టు ఉంది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. చివరి రోజుల్లో ఇంకో 5 ఆర్డర్లు పడ్డాయనుకోండి. 3 కోట్లు వచ్చాయి. దాంతో పాతవాళ్లవి నాలుగు బండ్లు పూర్తవుతాయి. బయటికి కంపెనీ నడుస్తున్నట్టే ఉంటుంది. కానీ ఇప్పుడు క్యూలో పాతవాళ్లు 11 మంది, కొత్తవాళ్లు 5 మంది, మొత్తం 16 మంది. 3 కోట్లు కొత్తగా వచ్చాక ఇరుక్కున్నవాళ్లు ఒకరు పెరిగారు. మన దగ్గర ఫైనాన్సు వ్యాపారంలో, చిట్టీల్లో రొటేషన్ అని ఎన్ని మునకలు చూశామో ఆ తీరే ఇది. తేడా ఏమిటంటే ఇక్కడ చాలాసార్లు యజమానికి కూడా ఆ రోజు దాకా తెలియదు. పుస్తకంలో ఆర్డర్లు, బ్యాంకులో డబ్బు కనిపిస్తుంటాయి. ఆ డబ్బు ఇంకా సంపాదించనిది, ఇంకా బాకీ ఉన్నది అన్న సంగతి బ్యాంకు పాసు పుస్తకంలో రాసి ఉండదు.

తప్పు ఎవరిదన్న దగ్గర మూడు వాదనలు

కంపెనీల వైపు నుంచి మాట్లాడేవాళ్లు పరిస్థితుల్ని చూపిస్తారు. చాసిస్ రాకపోవడం, ధరలు పెరగడం, వడ్డీలు పెరగడం, ఇవేవీ వాళ్ల చేతిలో లేవు. పాత కస్టమర్లకు ధర పెంచితే మాట తప్పినట్టు, పెంచకపోతే నష్టం. కొందరు పెంచారు, కొందరు పాత మాట మీదే నిలబడి మునిగారు. మాట మీద నిలబడి మునిగినవాడిని మోసగాడు అనడానికి మనసొప్పదు.

కస్టమర్ల వాదన సూటిగా ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చింది నా బండికి. దాన్ని షెడ్డుకు, వేరేవాళ్ల బండికి వాడే హక్కు మీకు ఎవరిచ్చారు? ఈ బండ్లు కొనేవాళ్లంతా కోటీశ్వరులేనని అనుకుంటాం గానీ, ఇల్లు అమ్మేసి రిటైర్‌మెంట్ డబ్బంతా ఇందులో పెట్టి, బండే ఇల్లుగా బతకాలనుకునే దంపతులు ఇందులో ఉంటారు. వాళ్లకు బండి రాకపోవడమంటే ఉండటానికి చోటు లేకపోవడం. కంపెనీ దివాలా తీస్తే ముందు తాకట్టు ఉన్న బ్యాంకు తన వాటా తీసుకుంటుంది. అమెరికా చట్టంలో కొనుగోలుదారు అడ్వాన్సుకు కొంత ముందు వరస ఉన్నా అది మూడు వేల పైచిలుకు డాలర్ల దాకానే. లక్షన్నర డాలర్లు కట్టినవాడికి అది ఏ మూలకు?

మూడో వాదన లెక్కల మీద అనుమానం ఉన్నవాళ్లది. గిరాకీ వేడిలో పుస్తకాలు సరిగ్గా లేని కంపెనీలు కూడా బాగా నడుస్తున్నట్టు కనిపిస్తాయని, వడ్డీలు పెరగడం వాటిని బయటపెట్టింది తప్ప పుట్టించలేదని వాళ్లంటారు. కోవిడ్‌కు ముందే దీనికో ఉదాహరణ ఉంది. అమెరికా ఆర్‌వీల దిగ్గజం థార్ ఇండస్ట్రీస్ జర్మనీలోని ఎర్విన్ హైమర్ గ్రూపును దాదాపు 210 కోట్ల యూరోలకు కొనడానికి 2018లో ఒప్పుకుంది. చివర్లో హైమర్ వారి ఉత్తర అమెరికా విభాగం లెక్కల్లో తేడాలు బయటపడ్డాయి. థార్ ఆ విభాగాన్ని వదిలేసి మిగతాది కొంది. రోడ్‌ట్రెక్ వ్యాన్‌లు కట్టే ఆ కెనడా విభాగం 2019 ఫిబ్రవరిలో కోర్టు నియమించిన రిసీవరు చేతికి వెళ్లింది. వందల మంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. అప్పటికి వడ్డీలు పెద్దగా లేవు, కోవిడ్ లేదు.

మూడూ నిజమే కావచ్చు. ఒకే కంపెనీలో మూడూ కలిసి ఉండొచ్చు కూడా. నా మటుకు నాకు రెండో వాదన బరువుగా తోస్తుంది. ధర పెరుగుతుందో లేదో యజమానికి తెలియకపోవచ్చు. కానీ అడ్వాన్సును విడిగా ఉంచాలా వద్దా అన్నది పూర్తిగా ఆయన చేతిలో ఉన్నదే. అలాగని విడిగా ఉంచితే చిన్న కంపెనీ సామాను ఎలా కొనాలన్న ఎదురు ప్రశ్న కూడా న్యాయమైనదే. బ్యాంకు అప్పు దొరకని పనికి కస్టమరే బ్యాంకు అవుతున్నాడు, వడ్డీ లేకుండా, తాకట్టు లేకుండా.

సాలూరు పద్ధతిలో చాసిస్ ఎవరి పేరున ఉంటుంది

ఇప్పుడు మన వైపుకు వద్దాం. సాలూరు ఉమ్మడి విజయనగరం జిల్లాలోది, 2022 విభజనలో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. రాష్ట్రంలో విజయవాడ తర్వాత లారీల ఊరుగా సాలూరు పేరే చెబుతారు. ఇక్కడి నుంచి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్లే దారి ఈ ఊరికి జీవనాధారం. లారీతో పాటు బాడీ షెడ్లు, వెల్డింగ్ షాపులు, కమాన్ కట్టలు సరిచేసేవాళ్లు, పెయింటర్లు పెరిగారు.

హైవే మీద ఉత్త చాసిస్ నడుపుకుంటూ వచ్చే డ్రైవర్లను చూసే ఉంటారు. తలుపుల్లేవు, పైకప్పు లేదు, చెక్కతో చేసిన తాత్కాలిక సీటు, ముఖానికి గుడ్డ చుట్టుకుని, ఎండలో దుమ్ములో వందల కిలోమీటర్లు వస్తారు. కేబిన్ కంపెనీ నుంచే వస్తున్న ఈ రోజుల్లో ఆ దృశ్యం తగ్గింది. ఆ చాసిస్ మాత్రం షెడ్డుకు చేరే సరికే ఒక మనిషి సొత్తు. లారీ యజమాని ఫైనాన్సు పెట్టి తన పేరున కొన్నాడు. షెడ్డువాడి చేతికి వెళ్లేది బాడీ కట్టే పని మాత్రమే. కొంత ముందు ఇస్తాడు, చెక్క దిగాక కొంత, ఇనప పని అయ్యాక కొంత. యజమానో ఆయన మనిషో షెడ్డు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఎంత పని జరిగిందో కళ్లెదుటే ఉంటుంది. షెడ్డు మూతపడితే చాసిస్ తోలుకుని పక్క షెడ్డుకు పోతాడు. పోయేది ఒక వాయిదా డబ్బు.

పైన చెప్పిన ఊహా కంపెనీలో చాసిస్ కొనేది కంపెనీ. డెలివరీ దాకా కాగితాలు కంపెనీ పేరునే. మూతపడిన రోజు షెడ్డులో సగం కట్టిన బండి నిలబడి ఉన్నా అది కస్టమరుది కాదు, అప్పులవాళ్లందరి ఉమ్మడి ఆస్తి. అక్కడా కొందరు కస్టమరునే చాసిస్ తెచ్చుకోమంటారు. అలాంటి చోట నష్టం తక్కువ.

సాలూరు పద్ధతిలో ప్రమాదం లేదనుకోకూడదు. ఇక్కడ అది వేరే చోట ఉంటుంది. లోడు దొరక్క బండి నిలిచిపోతే ఈఎంఐ ఆగదు. ఫైనాన్సు వాళ్లు బండి సీజ్ చేస్తారు. లారీ రంగం దెబ్బతిన్నప్పుడల్లా మునిగింది యజమాని, షెడ్డువాడికి పని తగ్గింది. అమెరికాలో మునిగింది కట్టేవాడూ, అడ్వాన్సు ఇచ్చినవాడూ.

మన దగ్గర ఈ బండి కట్టాలంటే చట్టం ఏమంటుంది

లారీ బాడీ కట్టగలిగినంత మాత్రాన క్యారవాన్ కట్టి రోడ్డెక్కించడం కుదరదు. మోటర్ క్యారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. గ్యాస్, కరెంటు, నీళ్లు, పడక, బయటికొచ్చే దారి ఎలా ఉండాలో దాని ప్రకారం పరీక్ష చేయించి ఆమోదం పొందాలి. పాత వ్యాన్ కొని లోపల మంచం వేసుకుందామంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు, తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. వీడియోల్లో చూసి ట్రావెలర్‌ను ఇల్లుగా మార్చుకున్నవాళ్లకు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర, ఇన్సూరెన్సు క్లెయిమ్ దగ్గర టెన్షన్ మొదలయ్యేది ఇందుకే.

గిరాకీ తీరు కూడా వేరు. కేరళ 2021లో క్యారవాన్ విధానం ప్రకటించి, మరుసటి ఏడాది వాగమన్‌లో పార్కు తెరిచింది. అక్కడ బండి కొనేది కుటుంబం కాదు, అద్దెకు తిప్పే సంస్థ. అద్దె బండి ఏడాదిలో ఎన్ని రాత్రులు బయటికి వెళ్తుందన్న దాని మీదే దాని బతుకు. బారువ బీచికో తాటిపూడి రిజర్వాయరు దగ్గరికో దసరా, సంక్రాంతి సెలవుల్లో వెళ్లే గిరాకీ వేరు, ఏడాది పొడవునా ఉండే గిరాకీ వేరు. ఉత్తరాంధ్రలో కట్టేవాళ్లకు ఆర్డర్లు వస్తే ముందు ఇలాంటి అద్దె సంస్థల నుంచే రావొచ్చు. అప్పుడు ఒక్క సంస్థ ఇరవై బండ్లకు ఆర్డరు ఇచ్చి, సీజన్ బాగోలేదని పదిహేను రద్దు చేసుకుంటే, మునిగేది అడ్వాన్సు ఇచ్చినవాడు కాదు, సామాను తెచ్చిపెట్టుకున్న షెడ్డువాడు.

అడ్వాన్సు రక్షణ విషయంలో మన చట్టం ఇళ్లకు ఒక రకంగా, బండ్లకు ఇంకో రకంగా ఉంది. అపార్ట్‌మెంట్ కట్టే బిల్డరు కొనుగోలుదారుల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉంచాలని 2016 నాటి రెరా చట్టం చెబుతుంది. బిల్డరు దివాలా తీస్తే ఫ్లాటు కొన్నవాళ్లు బ్యాంకులతో పాటు అప్పులిచ్చినవాళ్ల కమిటీలో కూర్చునేలా 2018లో దివాలా చట్టాన్ని సవరించారు. చక్రాల మీద ఇల్లు కట్టించుకునేవాడికి ఈ రెండూ వర్తించవు.

అలాంటివాడికి ఉన్న ఆధారం చాసిస్ కాగితమే. మోటారు వాహనాల చట్టం 43వ సెక్షన్ బాడీ ఇంకా కట్టని చాసిస్‌కు తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తుంది. 2019 సవరణ తర్వాత దాని గడువు ఆరు నెలల వరకు ఉంటుంది. బాడీ కోసం బండి షెడ్డులోనే ఉండిపోతే ఫీజు కట్టి పొడిగించుకోవచ్చు. ఆ కాగితం మీద యజమాని స్థానంలో ఎవరి పేరుందో, షెడ్డుకు తాళం పడిన రోజు బండి వాళ్లది.